స్టెయిన్‌లెస్ అని చెక్కిన కాలిపర్‌కు తుప్పు ఎందుకు పట్టింది?

కొత్తచెయ్యి

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇది నా మొదటి ప్రశ్న. రెండేళ్ల క్రితం 150 మిల్లీమీటర్ల వెర్నియర్ కాలిపర్, అంటే రెండు దవడల మధ్య వస్తువును పట్టి కొలిచే పనిముట్టు, కొన్నాను. వెనకవైపు ‘స్టెయిన్‌లెస్, హార్డెన్డ్’ అని స్పష్టంగా చెక్కి ఉంది. నిన్న పెట్టె తెరిస్తే దవడల లోపలి ముఖం మీద ఆవగింజలో సగమైనా లేని గోధుమరంగు చుక్కలు నాలుగు కనిపించాయి. కదిలే ముక్కను జరిపితే దాని కింద సన్నని తుప్పు చార. అయస్కాంతం పెట్టి చూశాను, గట్టిగా అంటుకుంది. స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటదని చిన్నప్పటి నుంచి వింటున్నాను. మామూలు ఉక్కుకు మెరుగు పెట్టి అమ్మారా?

దీనితో పాటే కొన్న 300 మిల్లీమీటర్ల స్టీలు రూలు కూడా బాధపెడుతోంది. మసకగా మెరిసే క్రోమ్ పూత దానిది. తగిలించుకునే రంధ్రం చుట్టూ పూత పొక్కి పెచ్చులు లేస్తోంది.

ఈసారి కొనేటప్పుడు పొరపాటు చేయకూడదనుకుంటున్నాను. గీతలున్న చోట బంగారు రంగు పూత వేసిన కాలిపర్లు చూశాను. అవి నిజంగా మేలైనవా? పూత చూసి కొనాలా, లోహం చూసి కొనాలా?

గేజిగది

కొత్తచెయ్యి గారూ, అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన మోసమని అనుకోకండి. నేను చాలా ఏళ్లు కాలిబ్రేషన్ గదిలో, అంటే కొలత పనిముట్లు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసే చోట, పనిచేశాను. అక్కడికి వచ్చిన మంచి కాలిపర్లన్నింటికీ అయస్కాంతం అంటుకునేది.

స్టెయిన్‌లెస్ అనేది ఒకే లోహం కాదు. వంటింటి సింకులకు వాడే 304 రకంలో క్రోమియంతో పాటు నికెల్ కూడా ఎక్కువ. దానికి అయస్కాంతం దాదాపుగా అంటదు, తుప్పు కూడా అంత త్వరగా పట్టదు. కానీ దాన్ని ఎర్రగా కాల్చి ముంచినా గట్టిపడదు. అలాంటి మెత్తని లోహంతో దవడలు చేస్తే కొద్ది నెలల్లోనే అరిగిపోతాయి. అందుకే కాలిపర్లకు 420 రకం లాంటి ఉక్కు వాడతారు. అందులో క్రోమియం 12 నుంచి 14 శాతం, నికెల్ లేదనే చెప్పాలి, గట్టిపడడానికి కావలసినంత కార్బన్ ఉంటుంది. కాల్చి చల్లార్చినప్పుడు అది మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణంలోకి మారుతుంది. మార్టెన్‌సైట్‌కు అయస్కాంతం అంటుకుంటుంది. మీ కాలిపర్ మీద ‘హార్డెన్డ్’ అన్న రెండో మాట ఉందే, అది నిజమైతే అయస్కాంతం అంటుకుని తీరాలి.

ఇక తుప్పు. ఉక్కును స్టెయిన్‌లెస్ అనాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొన్ని నానోమీటర్ల మందమున్న పొరగా ఏర్పడుతుంది. కాపలా కాసేది ఆ పొరే. గట్టి రకాల్లో కార్బన్ కొంత క్రోమియాన్ని కార్బైడ్ రేణువులుగా పట్టి ఉంచేస్తుంది, పొరకు మిగిలేది తగ్గుతుంది. గట్టిదనం కోసం తుప్పు నిరోధకతను కొంత వదులుకుంటున్నామన్నమాట. పైగా మీ చార కదిలే ముక్క కింద వచ్చింది కదా, అక్కడ చెమటో, లోహం కోసేటప్పుడు చల్లదనానికి పోసే కూలెంటో ఇరుక్కుని, ఆక్సిజన్ అందక, ఆ పొర మళ్లీ కట్టుకోలేకపోయింది. ఇరుకు సందుల్లో స్టెయిన్‌లెస్ ఓడిపోయేది ఇలాగే.

పెట్టెలో అడుగున స్పంజి ఉందా? ఉంటే తీసేయండి. అది తేమను పట్టి ఉంచుతుంది.

కొత్తచెయ్యి

స్పంజి ఉంది! నల్లది, కాలిపర్ ఆకారంలో కోసి ఉంది. దానిలోనే రెండు వానాకాలాలు గడిపింది.

పూతపని

రూలు సంగతి నేను చెబుతాను, అది నా వృత్తి. మీది స్టెయిన్‌లెస్ రూలు కాదు. స్ప్రింగు ఉక్కు అనే కార్బన్ ఉక్కు మీద క్రోమ్ ఎక్కించినది. ఇందులో నాసిరకం ఏమీ లేదు. వంచితే తిరిగి నిటారుగా వచ్చే గుణం ఆ ఉక్కుకు బాగా ఉంటుంది, చాలామంది పనివాళ్లు కోరి తీసుకునేది కూడా అదే.

మసక క్రోమ్ ఎందుకో చాలామందికి తెలియదు. అందం కోసం కాదు. అద్దంలా మెరిసే రూలు మీద దీపం పడితే గీతలు కనబడవు. అందుకే పూతకు ముందు ఉక్కును సన్నని రేణువులతో చిమ్మి మసక చేసి, ఆ మీద క్రోమ్ ఎక్కిస్తారు. కాంతి అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది, ఆమ్లంతో తొలిచి నల్లరంగు నింపిన గీతలు ఏ కోణం నుంచి చూసినా తేటగా కనిపిస్తాయి. రూలు చదివేది కన్ను, అందుకే ఆ పూతకు మొదటి పని కంటికి సాయపడడం.

రెండో పని అరుగుదలను ఆపడం. గట్టి క్రోమ్, గట్టిదనాన్ని చెప్పే విక్కర్స్ కొలమానంలో 800 నుంచి 1000 దాకా ఉంటుంది. మూడో పని తుప్పును ఆపడం, ఇక్కడే క్రోమ్ బలహీనం. ఎలక్ట్రోప్లేటింగ్ చేసిన, అంటే ద్రావణంలో కరెంటుతో ఎక్కించిన, గట్టి క్రోమ్‌లో కంటికి కనపడని సన్నని పగుళ్లు సహజంగానే ఉంటాయి. తేమ వాటి గుండా దిగి కింది కార్బన్ ఉక్కును చేరుతుంది. అక్కడ పుట్టిన తుప్పు ఉక్కు కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పూతను కింద నుంచి పైకి నెడుతుంది. మీరు చూసిన పొక్కులు అవే. క్రోమ్‌కు ముందు నికెల్ పొర వేస్తే ఈ సమస్య బాగా తగ్గుతుంది, ఎందుకంటే నికెల్ తేమను నిజంగా అడ్డుకుంటుంది.

రంధ్రం చుట్టూనే మొదలవడానికీ కారణం ఉంది. ప్లేటింగ్ తొట్టెలో కరెంటు అంచుల మీద ఎక్కువగా, లోపలి గోడల మీద తక్కువగా పడుతుంది. రంధ్రం అంచున పూత మందంగా, పెళుసుగా కట్టుకుంటుంది. లోపలి గోడకు దాదాపు ఏమీ అందదు. అదే తుప్పుకు వాకిలి. పాత రూళ్లు చూడండి, చాలావాటికి రంధ్రం దగ్గరే మొదలై ఉంటుంది.

లేత్‌మిత్రుడు

ఇద్దరూ పెట్టెనూ తొట్టెనూ నిందించారు, నేను చేతిని నిందిస్తాను. మా వర్క్‌షాపులో ఒక సహోద్యోగి ముట్టుకున్న ప్రతి పనిముట్టు మీదా మర్నాటికి వేలిముద్రలు గోధుమరంగులో తేలేవి. ఆయన శుభ్రత లేని మనిషి కాదు, చెమట తత్వం అలాంటిది. చెమటలోని ఉప్పు, అంటే క్లోరైడ్, స్టెయిన్‌లెస్ పొరను చిల్లులు పొడుస్తుంది. మీరు చూసిన చుక్కలు అవే అయి ఉంటాయి. పని ముగిశాక పొడిగుడ్డతో తుడిచి, ఒక చుక్క పలుచని నూనె రాసి పెడితే సగం తగాదా ఉండదు.

బంగారు రంగు పూత విషయంలో మాత్రం నా మాట కాస్త వేరుగా ఉంటుంది. అది టైటానియం నైట్రైడ్. డ్రిల్ బిట్ల మీద చూసే పూతే. విక్కర్స్ 2000 దాటుతుంది, అంటే గట్టి క్రోమ్‌కు రెట్టింపు పైమాటే. నా కాలిపర్‌లో ప్రధాన స్కేలు అంచు మీద ఉంది. పదకొండేళ్లుగా కదిలే ముక్క దాని మీదే జారుతోంది, ఇంకా మెత్తగా, పట్టు లేకుండా నడుస్తోంది. అమ్మకం కోసమే ఆ రంగు వేశారని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను.

గేజిగది

లేత్‌మిత్రుడు గారూ, జారే అంచు మీద అది మేలు చేస్తుందని నేనూ అంగీకరిస్తాను. అయితే కొత్తచెయ్యి గారి బాధ తుప్పు. ఆ పూత మందం సాధారణంగా 1 నుంచి 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆవిరి నుంచి పేరుకునే పూత కాబట్టి అందులో సూక్ష్మమైన రంధ్రాలు మిగులుతాయి. అరుగుదలకు గోడలా నిలుస్తుంది, తేమకు జల్లెడలా దారి ఇస్తుంది. కింద ఉన్న ఉక్కు తుప్పు పట్టేదైతే బంగారు రంగులో నుంచే గోధుమ చుక్కలు వస్తాయి.

ఇంకో విషయం, కాలిపర్ కొనేటప్పుడు బంగారు రంగు ఎక్కడుందో చూడండి. దవడల కొలిచే ముఖాలను చాలావరకు ఏ పూతా లేకుండా, సాన పట్టి, లాపింగ్ చేసిన (సన్నని పొడితో రుద్ది చదును చేసిన) ఉక్కుగానే వదులుతారు. అరగని ముఖాలు కావాలంటే ఉక్కు కన్నా ఎంతో గట్టిదైన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు అతికించిన దవడలు అడగాలి.

మూలమట్టం

వడ్రంగం వైపు నుంచి ఒక మాట. మాకు మైక్రాన్ల గొడవ లేదు కానీ పూత గొడవ రోజూ ఉంటుంది. టేపు పట్టీ కూడా సన్నని స్ప్రింగు ఉక్కే. పసుపు రంగు, అంకెలు, ఆ మీద పారదర్శకమైన పొర. ఆ పై పొర వట్టి లక్క వార్నిష్ అయితే మొదటి అర మీటరులో అంకెలు ఏడాదిలో చెరిగిపోతాయి. నైలాన్ పొర అయితే ఏళ్లు వస్తుంది. సిమెంటు దుమ్ము, ఇసుక పట్టిన టేపును తుడవకుండా లోపలికి వదిలితే ఎంత మంచి పొరైనా గీసుకుపోతుంది. చుట్టుకునేటప్పుడు పట్టీ తన మీద తానే రాసుకుంటుంది మరి.

టేపు కొన వదులుగా కదులుతోందని రివెట్లు బిగించే వాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ కదలిక కొక్కెం మందంతో సమానంగా కావాలని పెట్టినది. బయట పట్టి లాగినా, లోపల గోడకు ఆనించి నెట్టినా సున్నా సరిగ్గా రావడానికి అదే ఆధారం.

అల్యూమినియం మూలమట్టాల మీద రంగు పూతను పెయింటు అనుకుంటారు చాలామంది. అది ఆనోడైజింగ్. బయట నుంచి అతికించినది కాదు, లోహమే పైపొరలో ఆక్సైడుగా మారి గట్టిపడింది. అందుకే పెచ్చులు లేవదు.

కొత్తచెయ్యి

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పేలోపే ఒక తప్పు చేశాను. రూలును రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టాను. తుప్పు పోయింది. కానీ రంధ్రం చుట్టూ ఉక్కు బూడిదరంగుకు మారి గరుకుగా తయారైంది, అర మిల్లీమీటరు గీతల్లోని నలుపు కొంత పోయింది. ఇంక పనికి రాదా? కాలిపర్‌ను మాత్రం ఇంకా ముట్టుకోలేదు.

పూతపని

కాలిపర్‌ను ముట్టుకోకపోవడం మంచిపని చేశారు. వెనిగర్ ఆమ్లం. తుప్పును కరిగించి అక్కడితో ఆగదు, కింది ఉక్కును కూడా తినడం మొదలుపెడుతుంది. క్రోమ్ కప్పిన చోట లోహం మిగిలింది, పూత లేచిన చోట గుంటలు పడ్డాయి. బాత్‌రూము శుభ్రం చేసే హైడ్రోక్లోరిక్ ఆమ్లం మరీ ప్రమాదం, అది క్రోమ్‌నే కరిగించేస్తుంది. దయచేసి ఎవరూ ప్రయత్నించవద్దు.

మీ రూలు పనికొస్తుంది. వంటసోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టి, నూనె రాయండి. నలుపు పోయిన గీతల్లో నల్లని ఎనామిల్ రంగు రుద్ది, పైపైన మిగిలినదాన్ని చదునైన గట్టి కార్డు అంచుతో గీసేయండి. లోతుగా తొలిచిన గీతలైతే రంగు నిలుస్తుంది. గీతలు తొలిచినవా, అచ్చు వేసినవా అన్నది గోరుతో గీసి చూస్తే తెలిసిపోతుంది. నేను రూలు కొనేముందు మొట్టమొదట చేసే పరీక్ష అదే, పూత గురించి తర్వాతే ఆలోచిస్తాను.

కాలిపర్ దవడల మీద ఎమెరీ కాగితం పెట్టవద్దు. పలుచని నూనెలో తడిపిన గుడ్డతో, వేలి ఒత్తిడి మాత్రమే ఇచ్చి తుడవండి. చుక్క పోయి గుంట మిగిలితే మిగలనివ్వండి. గుంట వల్ల కొలత మారదు, చుట్టూ ఉన్న చదును ముఖమే కొలుస్తుంది. గుంటను పోగొట్టబోతే ఆ చదును పోతుంది.

సన్నగీత

నాదో చిన్న ప్రశ్న. నల్లగా ఉండే పాత స్క్వేర్లు, పంచ్‌లు చూస్తుంటాం. అది పెయింటా?

లేత్‌మిత్రుడు

కాదండీ, బ్లాకోడైజింగ్. కాస్టిక్ సోడా, నైట్రేటు ఉప్పులు కలిపిన ద్రావణాన్ని సుమారు 140 డిగ్రీలకు కాచి అందులో ముంచితే ఉక్కు పైపొర మాగ్నటైట్ అనే నల్లని ఐరన్ ఆక్సైడుగా మారుతుంది. మందం ఒకటి రెండు మైక్రాన్లే, కాబట్టి కొలత దాదాపు మారదు. దానికదే తుప్పును ఆపలేదు. అది నూనెను పట్టి ఉంచుకునే పొర, నూనె ఆరిపోతే దాని కాపలా కూడా పోతుంది.

గేజిగది

ఇప్పటిదాకా అందరం పైపొర గురించే మాట్లాడాం. మొదటి ప్రశ్నలో ‘పూత చూసి కొనాలా, లోహం చూసి కొనాలా’ అని ఉంది. నా మనసులో ఎప్పటి నుంచో ఉన్న విషయం అది, కాస్త వివరంగా రాస్తాను.

కొలత పనిముట్టుకు తుప్పు కన్నా పెద్ద శత్రువు వేడి. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే ప్రతి 100 మిల్లీమీటర్లకు 1.15 మైక్రాన్లు పెరుగుతుంది. ఇత్తడి సుమారు 1.9, అల్యూమినియం 2.3. అందుకే ప్రపంచమంతా కొలతలను 20 డిగ్రీల దగ్గర చెప్పుకోవాలని 1931లో ఒప్పుకుంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్.ఓ. ప్రమాణాల వరుసలో మొట్టమొదటి నంబరు ఈ ఒక్క విషయానిదే. మీ గది 30 డిగ్రీలున్నా, మీ కాలిపరూ మీ ముక్కా రెండూ ఉక్కువే అయి, రెండూ ఒకే వేడిలో ఉంటే కలిసి పెరుగుతాయి, తేడా చాలావరకు రద్దయిపోతుంది. ఉక్కు ముక్కను ఉక్కు పనిముట్టుతో కొలవడంలో ఉన్న గొప్ప వెసులుబాటు ఇది.

ఇప్పుడు ‘మరింత గట్టిది మరింత మంచిది’ అన్న ఆలోచనను ఇక్కడ పరీక్షించండి. స్లిప్ గేజ్‌లు, అంటే ఇతర పనిముట్లను సరిచూడడానికి వాడే కచ్చితమైన కొలత దిమ్మలు, టంగ్‌స్టన్ కార్బైడ్‌తో కూడా చేస్తారు. ఉక్కు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాలం అరగకుండా ఉంటాయి. కానీ వాటి వ్యాకోచం ఉక్కులో సగం కన్నా తక్కువ. 30 డిగ్రీల గదిలో 100 మిల్లీమీటర్ల ఉక్కు ముక్కను 100 మిల్లీమీటర్ల కార్బైడ్ గేజ్‌తో పోలిస్తే, రెండూ 20 డిగ్రీల దగ్గర కచ్చితంగా సరిపోయేవే అయినా, ఆరేడు మైక్రాన్ల తేడా చూపుతాయి. జిర్కోనియా సిరామిక్ గేజ్‌లు ఇక్కడ మెరుగు. తుప్పు పట్టవు, వ్యాకోచం ఉక్కుకు దగ్గరగా ఉంటుంది. అయితే రాతి నేల మీద పడితే అంచు రాలిపోవచ్చు.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. గట్టిపరిచిన ఉక్కు బీరువాలో కదలకుండా ఉన్నా కొలత మారగలదు. చల్లార్చినప్పుడు మారకుండా మిగిలిన ఆస్టెనైట్ (వేడిగా ఉన్నప్పటి ఉక్కు నిర్మాణం) ఏళ్ల తరబడి మెల్లగా మార్టెన్‌సైట్‌గా మారుతుంది, ఆ మార్పులో లోహం ఉబ్బుతుంది. మార్టెన్‌సైట్ తనకు తాను సడలితే కుంచించుకుపోతుంది. అందుకే మంచి తయారీదారులు ఉక్కును సున్నా కన్నా ఎంతో కిందికి చల్లబరిచి, మళ్లీ మెల్లగా కాచి, ఆ చక్రాన్ని కొన్నిసార్లు తిప్పి, లోహం స్థిమితపడ్డాకే చివరి సాన పడతారు. 1896లో స్వీడన్‌లో సి. ఇ. యోహాన్సన్ స్లిప్ గేజ్‌ల ఆలోచనను రూపొందించినప్పటి నుంచీ ఆ వృత్తిలోని వాళ్లు ఎక్కువగా తలపట్టుకున్నది ఈ స్థిమితం గురించే. ఈ పని ఏ పూతలోనూ కనబడదు, ఏ పెట్టె మీదా రాసి ఉండదు. పనిముట్టు ధరలో మనం చెల్లించే డబ్బుకు అసలు న్యాయం చేసేది మాత్రం అదే.

సర్వేదారి

వ్యాకోచం మాట వచ్చింది కాబట్టి ఇన్వార్‌ను తలచుకోకుండా ఉండలేను. 36 శాతం నికెల్, మిగిలినది ఇనుము. 1896లోనే షార్ల్ ఎదువార్ గియోమ్ కనుగొన్నారు. ఇలాంటి మిశ్రలోహాల మీద కృషికి 1920లో భౌతికశాస్త్ర నోబెల్ ఆయనకు దక్కింది. దాని వ్యాకోచం ఉక్కులో సుమారు పదో వంతు. భూమి కొలతల్లో ఆధార రేఖలకు ఇన్వార్ పట్టీలు, తీగలు వాడేవారు. కానీ మెత్తన, సున్నితం, వంగితే ముడత నిలిచిపోతుంది, తుప్పు కూడా పడుతుంది. దానికి మొదటి రక్షణ చుట్టే మనిషి ఓపికే.

లేత్‌మిత్రుడు

గేజిగది గారి మాటకు నా అనుభవం ఒకటి కలుపుతాను. మర తిప్పి సన్నని కొలతలు తీసే మైక్రోమీటర్ అనే పనిముట్టుకు కొలిచే ముఖాల మీది కార్బైడ్ ఎప్పటికీ చెడదనుకునేవాణ్ని. నీళ్లు కలిపిన కూలెంట్ తడి మీదే ఏళ్ల తరబడి వాడి, తుడవకుండా పెట్టిన ఒక మైక్రోమీటర్ ముఖాన్ని భూతద్దంలో చూస్తే పైమెరుపు పోయి పొడిబారినట్టు ఉంది. కార్బైడ్ రేణువులను కలిపి పట్టి ఉంచేది కోబాల్ట్. నీళ్లు మెల్లగా ఆ కోబాల్ట్‌ను లాగేస్తాయి. రేణువులు గట్టివే, వాటిని పట్టి ఉంచే బంధం కాదు.

ఇంకా, మైక్రోమీటర్ ఫ్రేము మీద ప్లాస్టిక్ పలక ఉంటుంది, చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. చేతి వేడి ఫ్రేములోకి పోకుండా అడ్డుకునేది అదే. దాన్ని ఊడదీసి ఇనుము పట్టుకుని కొలిచేవాళ్లను ఎంతమందిని ఆపానో.

పూతపని

అరిగిపోయిన ప్లగ్ గేజ్‌లను (రంధ్రాల కొలత సరిచూసే ఉక్కు కడ్డీలను) పారేయకుండా, గట్టి క్రోమ్ మందంగా ఎక్కించి మళ్లీ అసలు కొలతకు సాన పట్టే పద్ధతి ఒకటి ఉంది. నేను నేర్చుకున్న మొదటి పని అది. మళ్లీ అరిగితే ఆ క్రోమ్‌ను కరిగించి తీసి, తిరిగి ఎక్కించవచ్చు. ఒక్క జాగ్రత్త, గట్టి ఉక్కు ప్లేటింగులో హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసవుతుంది. తొట్టె నుంచి తీయగానే సుమారు 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాచి దాన్ని వెళ్లగొట్టాలి. ఈ మెట్టు ఎగ్గొట్టిన గేజ్ చూడడానికి నిగనిగలాడుతుంది, ఒకరోజు చెప్పకుండా పగులుతుంది.

కొత్తచెయ్యి

వారం తర్వాత వస్తున్నాను. చెప్పినట్టే నూనెగుడ్డతో తుడిచాను. మూడు చుక్కలు పూర్తిగా పోయాయి, నాలుగోది సూదిమొన అంత గుంటగా మిగిలింది. తెలిసినవారి దగ్గర 25 మిల్లీమీటర్ల స్లిప్ గేజ్ అడిగి తెచ్చి, రాత్రంతా కాలిపర్ పక్కనే బల్ల మీద ఉంచి, పొద్దున కొలిచాను. దవడల మొదట్లో 25.00 చూపింది. కొనల దగ్గర 24.96. దవడలు మూసి దీపం ఎదుట పట్టుకుంటే కొనల మధ్య నుంచి సన్నని వెలుతురు వస్తోంది. తుప్పు గురించి అడగడానికి వచ్చాను, అరుగుదల బయటపడింది. సన్నని లోహపు రేకుల మీద గీతలు గీయడానికి ఆ కొనలనే వాడుతూ వచ్చాను, తప్పు నాదే.

గేజిగది

కొనలతో గీయడం చాలామంది చేసే పనే, గీతకు గీసే సూది వేరే ఉంచుకోండి. మీ కాలిపర్ ఇంకా మంచిదే. మొదట్లో కొలవగలిగినవన్నీ దానితోనే కొలవండి, ముక్కను దవడల లోపలికి ఎంత తోయగలిగితే అంత తోయండి. ఎలాగూ కొలవాల్సిన పద్ధతి అదే, బిగింపు బలానికి కదిలే దవడ ఒరిగినా అక్కడ తేడా తక్కువ. కొనలతోనే కొలవాల్సిన పని రోజూ ఉంటే కార్బైడ్ దవడలది తీసుకోండి, లేకపోతే అక్కర్లేదు.

కొత్తచెయ్యి

ఇప్పటికి కొత్తది కొనడం లేదు. స్పంజి తీసేసి, తుప్పు నిరోధక ఆవిరినిచ్చే కాగితంలో చుట్టి పెట్టాను. దవడల కొనల మీద ఎర్ర మార్కరుతో చిన్న చుక్క పెట్టుకున్నాను, అక్కడితో కొలవకూడదని గుర్తు. రూలు గీతల్లో రంగు నింపడం ఈ ఆదివారం. పూతపని గారూ, ఎనామిల్ గీసేశాక ఆరడానికి ఎంతసేపు ఉంచాలి?

పూతపని

గీసేసిన వెంటనే పొడిగుడ్డతో ఒక్కసారి అడ్డంగా తుడవండి, గీతల వెంట నిలువుగా వద్దు, రంగు బయటకు వచ్చేస్తుంది. తర్వాత ఒక పూర్తి రోజు ముట్టుకోకండి. నూనె ఆ తర్వాతే.